బడి ఇచ్చారు సరే, తాళం ఎవరి దగ్గర ఉంది?

పోస్టు పెద్దదే. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ పూర్తిగా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో జరిగిన గొడవ అందరూ చూసే ఉంటారు. ఒక అన్న "మిషనరీలు రాకపోతే మన గిరిజనులకి అక్షరం ముక్క ఎక్కడిది" అని పెట్టాడు. ఇంకో అన్న "వాళ్లొచ్చే మన పండగలు, మన దేవతలు పోయాయి" అని పెట్టాడు. చివరికి ఇద్దరూ ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు. ఇద్దరిదీ ఒకే మండలం, ఒకే సంత.

నేనప్పుడు ఏమీ రాయలేదు. ఎందుకంటే మా ఇంట్లోనే రెండూ ఉన్నాయి. మా అవ్వ ఇటుకల పండగ వస్తే ఉపవాసం ఉండి మరీ కొలుస్తుంది. మా చిన్నాన్న వాళ్లు ఆదివారం చర్చికి వెళ్తారు. చలికాలం అందరం ఒకే పొయ్యి చుట్టూ కూర్చుంటాం. ఎవరి వైపు మాట్లాడినా ఇంట్లో ఒకరిని తిట్టినట్టే అవుతుంది.

అయితే ఈ సెమిస్టర్ మాకు అమెరికా చరిత్ర పేపర్ ఉంది. అందులో మత ఉజ్జీవం గురించి రెండు పేజీలు. ఆ రెండు పేజీల్లో ఒకే ఒక్క వాక్యం, అక్కడి ఆదివాసుల కోసం పాఠశాలలు కూడా పెట్టారని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఆ బడుల్లో చదివిన పిల్లలు ఏమయ్యారు? లైబ్రరీలో, ఫోన్‌లో వెతుక్కుంటూ చదివాను. అది చదివాక మన గొడవ గురించి నా అభిప్రాయం మారింది. అదే రాస్తున్నా.

ముందు ఒక బొమ్మ గురించి చెప్పాలి. 1629లో ఇంగ్లండ్ నుంచి మసాచుసెట్స్ వలసకి వెళ్లిన వాళ్లు ఒక ముద్ర చేయించుకున్నారు, మన సర్కారు ముద్రలాంటిది. దాని మీద ఒక ఆదివాసి నిలబడి ఉంటాడు. చేతిలో విల్లు, బాణం మొన కిందికి తిప్పి ఉంటుంది. నోట్లోంచి మాటలు వస్తున్నట్టు రాశారు, వచ్చి మాకు సాయం చేయండి అని. అక్కడి ఆదివాసి ఎవరూ ఆ మాట అనలేదు. బైబిల్లో వేరే సందర్భంలో ఉన్న మాట తీసి ఆయన నోట్లో పెట్టారు. నేలకి రాకముందే పిలుపు వీళ్లే రాసుకున్నారన్నమాట.

ఆ తర్వాత వందేళ్లకి అసలు ఉజ్జీవం వచ్చింది. 1730లు, 40లలో అమెరికా వలసల్లో మతం ఒక ఊపు ఊపింది. చరిత్రకారులు దాన్నే మహా మేల్కొలుపు అంటారు. నార్తాంప్టన్ అనే ఊళ్లో జోనాథన్ ఎడ్వర్డ్స్ బోధ, ఊరూరా తిరిగి మైదానాల్లో వేల మందికి జార్జ్ విట్‌ఫీల్డ్ బోధ. అప్పటిదాకా మతం అంటే చదువుకున్న పాస్టర్ గారు పీఠం మీద నుంచి చదివే ప్రసంగం. వీళ్లు వచ్చి అది చాలదన్నారు. నువ్వు పెద్దింట్లో పుట్టావా, చర్చిలో ముందు వరసలో కూర్చున్నావా అన్నది కాదు, నీ మనసు మారిందా లేదా అన్నదే లెక్క అన్నారు. మనసు మారితే ఆడవాళ్లు, కూలీలు, బానిసలు, ఆదివాసులు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు.

ఇది చిన్న విషయం కాదు. జీవితంలో ఎప్పుడూ నలుగురిలో నోరెత్తనివ్వని మనిషికి నీ మాట దేవుడు వింటాడు అని చెప్పడం ఎంత పెద్ద విషయమో మనకి తెలుసు. నేను ఇంటర్‌లో మొదటిసారి క్లాసులో లేచి నిలబడినప్పుడు నా యాసకి నవ్విన వాళ్లు నాకింకా గుర్తున్నారు. ఆ బోధకులు ఎవరి యాసనీ అడగలేదు. ఆ విషయంలో వాళ్లకి నా దండం.

కానీ అదే విట్‌ఫీల్డ్ జార్జియాలో అనాథాశ్రమం పెట్టి, దాని ఖర్చుకి బానిసలు కావాలి, జార్జియాలో బానిసత్వం మీద ఉన్న నిషేధం తీసేయండి అని వాదించాడు. 1751 నాటికి తీసేశారు కూడా. ఎడ్వర్డ్స్ ఇంట్లోనూ బానిసలు ఉండేవాళ్లు. ఆత్మలు సమానం, వొళ్లు మాత్రం సమానం కాదు. మిగతా కథంతా ఈ రెండింటి మధ్యే నడుస్తుంది.

ఇక శాంసన్ ఆకమ్ దగ్గరికి వస్తా. ఈ పేరు గుర్తు పెట్టుకోండి. కనెక్టికట్‌లో మొహీగన్ తెగలో 1723లో పుట్టాడు. వేట, చేపలు, తిరుగుడు బతుకు. పదహారు పదిహేడేళ్లప్పుడు ఈ ఉజ్జీవ బోధకుల మాటలు విని మారాడు. బైబిల్ తనే చదువుకోవాలని పట్టుదల పుట్టింది. 1743లో ఎలియజర్ వీలాక్ అనే పాస్టర్ దగ్గర చదువుకోడానికి చేరాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు, ఇప్పుడు నా వయసు. నాలుగేళ్లలో ఇంగ్లీషు, లాటిన్, గ్రీకు, కొంత హీబ్రూ నేర్చుకున్నాడు. కళ్లు దెబ్బతినడంతో కాలేజీకి మాత్రం వెళ్లలేకపోయాడు.

1749లో లాంగ్ ఐలాండ్‌లో మాంటాక్ తెగ వాళ్ల దగ్గర టీచర్‌గా చేరాడు. పిల్లలకి అక్షరాలు రావట్లేదని కాగితం మీద ఒక్కో అక్షరం కోసి, దేవదారు చెక్క ముక్కలకి అంటించి ఆటలాగా నేర్పాడు. ఆ రోజుల్లో టీచర్ ట్రైనింగ్ లేదు, ఏమీ లేదు. తన బుర్రతో తనే కనిపెట్టుకున్నాడు. మరి జీతం? మిషన్ వాళ్లు పన్నెండేళ్లకి కలిపి ఇచ్చింది 180 పౌండ్లు. అదే ఒక తెల్ల యువ మిషనరీకి, ఆయన దుబాసీకి, ఆయన్ని వెంట తీసుకెళ్లి పరిచయం చేసే మనిషికి కలిపి ఒక్క ఏడాదికే అంత ఖర్చు పెట్టారని ఆకమే లెక్క కట్టి రాశాడు. తనకి దుబాసీ అక్కర్లేదు, టీచరూ తనే, పాస్టరూ తనే. జీతం చాలక చెక్క చెంచాలు, బాల్చీలు చేసి అమ్మాడు, పుస్తకాలు బైండింగ్ చేశాడు, తుపాకులకి కర్ర పిడులు చెక్కాడు, చేపలు పట్టాడు.

ఈలోగా వీలాక్ 1754లో ఆదివాసి పిల్లల కోసం బడి పెట్టాడు. ఆకమ్ చదువుకోవడం చూసే ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టి చదివించే బడి, మన హాస్టల్ లాంటిదే అనుకోండి. నా కొడుకుని చదువుకి పంపితే పొలం పనికి పెట్టారేంటి అని ఒక ఆదివాసి తండ్రి ఫిర్యాదు చేసిన సంగతి రికార్డులో ఉంది. అది చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బడికి డబ్బు కావాలి. 1765 చివర్లో ఆకమ్‌ని ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు, తోడుగా ఒక తెల్ల పాస్టర్. వెళ్లేముందు వీలాక్, నీ భార్యాపిల్లల్ని నేను చూసుకుంటా అని మాటిచ్చాడు. అక్కడ రెండేళ్లకి పైగా ఆకమ్ మూడు వందలకి మించి ప్రసంగాలు చేశాడు. ఆదివాసి నోట ఇంగ్లీషులో బోధ వినడానికి జనం ఎగబడ్డారు. రాజు మూడో జార్జ్ 200 పౌండ్లు ఇచ్చాడు. మొత్తం మీద సుమారు 12,000 పౌండ్లు వచ్చాయి. ఆ కాలానికి అది కొండంత డబ్బు. ఆ డబ్బంతా ఆదివాసి పిల్లల చదువు పేరు మీద వచ్చింది.

1768లో తిరిగొచ్చి చూస్తే ఇంట్లో భార్య మేరీ, పిల్లలు పేదరికంలో, రోగాలతో ఉన్నారు. మాట నిలబెట్టుకోలేదు. వీలాక్ బడిని న్యూ హాంప్‌షైర్‌కి మార్చాడు. 1769లో డార్ట్‌మత్ కాలేజీకి రాజపత్రం వచ్చింది. ఆ పత్రంలో ముందు ఆదివాసి యువకుల చదువు కోసం అని ఉంటుంది, ఆ తర్వాత ఇంగ్లీషు యువకులు, ఇతరులు. కాగితం మీద మనవాళ్లు ముందు, తరగతి గదిలో వాళ్లు ముందు. మొదటి రెండు వందల ఏళ్లలో ఆ కాలేజీ నుంచి డిగ్రీ పట్టుకున్న ఆదివాసులు 19 మంది అని లెక్క. పందొమ్మిది వందలు కాదు, పందొమ్మిది మంది. 1970లో కొత్త ప్రెసిడెంట్ వచ్చి పాత మాట నిలబెడతామని చెప్పాకే పరిస్థితి మారింది.

ఆకమ్ నోరు మూసుకోలేదు. 1771లో వీలాక్‌కి ఉత్తరం రాశాడు. చదువు చెప్పిన కాలేజీని లాటిన్‌లో పాలిచ్చే తల్లి అంటారు. ఆయన ఒక్క అక్షరం మార్చి తెల్ల తల్లి అని ఎత్తిపొడిచాడు. ఆ తల్లి మరీ తెల్లదైపోయి మా రంగు పిల్లలకి పాలివ్వడం లేదని అర్థం. వీలాక్ నేర్పిన లాటిన్‌తోనే వీలాక్‌ని అడిగాడు. నన్ను పరాయి దేశాల్లో వింత జంతువులా చూపించారు, నవ్వులపాలు చేశారు, ఆ డబ్బు మా పిల్లలకి చేరలేదు అని మొహం మీదే రాశాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. రెండేళ్ల కిందట మా హాస్టల్‌కి ఒక సంస్థ వాళ్లు వచ్చారు. మతం సంస్థ కాదు, పేరు అనవసరం. మాకు ధింసా చీరలు కట్టించి, తలలో పూలు పెట్టించి, చేతిలో బోర్డులు పట్టించి ఫొటోలు తీశారు. చదువుకునే గది, పుస్తకాలు ఇప్పిస్తామన్నారు. తర్వాత వాళ్ల కరపత్రం మీద నా మొహం చూసుకున్నా. గది రాలేదు. పుస్తకాలు రాలేదు. ఆకమ్ ఉత్తరం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆకమ్‌ని చర్చి పెద్దలు ఎప్పుడు ఎక్కువ ఇబ్బంది పెట్టారో కూడా చూడండి. బోధ చేసినప్పుడు కాదు, భూమి గురించి మాట్లాడినప్పుడు. మొహీగన్లకి, కనెక్టికట్ వలసకి భూమి మీద తరాల తరబడి కేసు నడిచింది. ఆకమ్ తన తెగ వైపు నిలబడ్డాడు. దానికి ఆయన చేత క్షమాపణ చెప్పించారు. 1773లో ఆ కేసు లండన్‌లో మొహీగన్లకి వ్యతిరేకంగా ముగిసింది. మరో పక్క ఇతను అసలు మొహీగనే కాదు, ఇంగ్లండ్ ప్రయాణం కోసం కొత్తగా తయారు చేసిన క్రైస్తవుడు అని పుకార్లు పుట్టించారు. దానికి జవాబుగానే ఆయన తన జీవితం గురించి కొన్ని పేజీలు రాసుకున్నాడు. అందులో ఒక ఆదివాసి కుర్రాడి సంగతి ఉంది. యజమాని రోజూ కొడుతుంటే ఎందుకు కొడుతున్నాడని అడిగారట. నాగలి సరిగ్గా తోలట్లేదని కొడతాడు, ఒక్కోసారి కొట్టాలనిపించి కొడతాడు, కానీ ఎక్కువసార్లు నేను ఆదివాసినని కొడతాడు అన్నాడట ఆ కుర్రాడు. నా సంగతీ అదే అని ఆకమ్ ముగించాడు. ఆ పేజీలు అచ్చులోకి వచ్చింది 1982లో.

"అందరూ అలాంటివాళ్లేనా చెల్లీ" అంటారు మీరు. కాదు. అందుకే చెరోకీల కథ కూడా చెప్పాలి.

1821 నాటికి సెకోయా అనే చెరోకీ మనిషి తన భాషకి తనే లిపి తయారు చేశాడు. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు, ఏ మిషన్ బడిలోనూ చదవలేదు. ఆ లిపి కొన్నేళ్లలోనే జాతంతా నేర్చుకుంది. 1828లో చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక మొదలైంది, రెండు భాషల్లో. చెరోకీ మండలి డబ్బు కేటాయించింది, ఎడిటర్ ఎలియాస్ బౌడినాట్ చెరోకీవాడే. బోస్టన్ మిషన్ బోర్డు అచ్చు అక్షరాలు పోయించి ఇచ్చింది, శామ్యూల్ ఉస్టర్ అనే మిషనరీ పక్కనుండి పని చేశాడు. ఇలాంటి సాయం మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

తర్వాత ఆండ్రూ జాక్సన్ ప్రభుత్వం ఆదివాసులందరినీ మిసిసిపీ నదికి పడమటికి తోలెయ్యాలని చట్టం తెచ్చింది. ఆ మిషన్ బోర్డు కార్యదర్శి జెరెమయా ఎవార్ట్స్ మారుపేరుతో 24 వ్యాసాలు రాసి దాన్ని ఎదిరించాడు. చర్చి ఆడవాళ్లు సంతకాలు సేకరించి పిటిషన్లు పంపారు. 1830లో ప్రతినిధుల సభలో చట్టం 102-97 ఓట్లతో గట్టెక్కింది. ఉస్టర్ మాకు చెరోకీల అనుమతి చాలు, జార్జియా లైసెన్స్ అక్కర్లేదు అని నిలబడితే నాలుగేళ్ల కఠిన శిక్ష వేశారు. 1832లో సుప్రీంకోర్టు ఆయన వైపు, చెరోకీల వైపు తీర్పిచ్చింది. ఆ తీర్పుని అమలు చేసిన వాళ్లు లేరు. ఏడాది తిరక్కముందే బోర్డు, ఇక వదిలెయ్యండి, దేశంలో గొడవలు వద్దు అని సలహా ఇచ్చింది. 1833 జనవరిలో ఉస్టర్ విడుదలయ్యాడు. చెరోకీలు ఒంటరి అయ్యారు. 1838-39లో సుమారు 16,000 మందిని కదిలించారు. దారిలో, శిబిరాల్లో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. దాన్నే కన్నీటి బాట అంటారు.

బాప్టిస్టుల్లోనే చూడండి. ఇవాన్ జోన్స్ అనే మిషనరీ ఆ బాటలో చెరోకీలతో కలిసి నడిచాడు. ఐజాక్ మెకాయ్ అనే మిషనరీ, ఆదివాసుల్ని పడమటికి పంపడమే వాళ్లకి మంచిదని వాషింగ్టన్‌లో తిరిగాడు. ఒకే మతం, ఒకే శాఖ, ఒకే బైబిల్. ఇంకొకటి, బౌడినాట్ చదివింది కనెక్టికట్‌లో మిషన్ బడిలో. అక్కడి తెల్ల అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటే ఊరివాళ్లు ఇద్దరి దిష్టిబొమ్మలూ తగలబెట్టారు. కొద్దికాలానికే ఆ బడి మూసేశారు. చదువుకున్న శిష్యుడు కావాలి, అల్లుడు మాత్రం వద్దు.

అలాగని ఆదివాసులు, నల్లవాళ్లు ఊరికే కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో బానిసగా పుట్టిన రిచర్డ్ అలెన్ తెల్లవాళ్ల చర్చిలో అవమానం భరించలేక బయటికొచ్చి 1794లో సొంత చర్చి కట్టాడు. ఆ భవనం మాదే అని తెల్ల మెథడిస్టు పెద్దలు వస్తే కోర్టుకెళ్లి గెలిచారు, 1816లో సొంత సంఘమే పెట్టుకున్నారు. పీక్వాట్ తెగకి చెందిన విలియం ఏపెస్ మెథడిస్టు బోధకుడు. 1833లో మాష్‌పీ అనే ఆదివాసి ఊరికి వెళ్తే, ఆదివాసుల కోసం కట్టిన ప్రార్థనా మందిరంలో తెల్ల పాస్టర్ ఎక్కువగా తెల్లవాళ్లకే బోధ చేస్తున్నాడు. ఊరి అడవి కలప తెల్లవాళ్లు బళ్ల మీద తోలుకుపోతున్నారు. జులై 1 నుంచి మా అనుమతి లేకుండా ఒక్క కట్టె కదలకూడదని ఊరు తీర్మానం చేసింది. బళ్లెక్కించిన కలప దింపించినందుకు ఏపెస్‌కి 30 రోజుల జైలు. కానీ మరుసటి ఏడాది మాష్‌పీకి స్వపరిపాలన హక్కు వచ్చింది. అడవి, తీర్మానం, జైలు. మన గ్రామసభల సంగతి తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఈ ఉజ్జీవానికి మన నేలకి సంబంధం లేకపోలేదు. ఉస్టర్‌ని పంపిన ఆ బోర్డే 1812లో తన మొదటి మిషనరీలను ఓడెక్కించింది మన దేశానికే. 1836లో అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్యకొచ్చారు. 1878లో ఒంగోలు దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అందులో ఎక్కువమంది మాదిగలు. వాళ్లని ఎవరో మోసం చేశారని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మనిషిగా చూసిన చోటికి మనిషి వెళ్తాడు. ఆకమ్ కూడా అందుకే వెళ్లాడు, చివరిదాకా క్రైస్తవుడిగానే ఉన్నాడు. కానీ అప్పుడు కూడా లెక్క అడగడం మానలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. మొదటి అన్నా, అక్షరం ఇచ్చినవాడికి కృతజ్ఞత ఉండాలి, ఒప్పుకుంటా. కానీ కృతజ్ఞత పేరుతో నోరు కట్టేసుకోకూడదు. రెండో అన్నా, మతం వల్లే అంతా పోయింది అనడం కూడా సగం నిజమే. చెరోకీల భూమి పోయింది బైబిల్ చదివినందుకు కాదు. జార్జియాకి భూమి కావాలి, 1829 నుంచి అక్కడ బంగారం కోసం జనం ఎగబడ్డారు. చదివినవాళ్లూ పోయారు, చదవనివాళ్లూ పోయారు, మారినవాళ్లూ పోయారు, మారనివాళ్లూ పోయారు. తోలేటప్పుడు సైనికులు నీ మతం ఏంటని అడగలేదు. మనం మతం గురించి కొట్టుకుంటుంటే పట్టా గురించి అడిగేవాడు ఉండడు.

చర్చి అయినా, గుడి ట్రస్టు అయినా, సర్కారు అయినా, ఎన్జీవో అయినా, మన కోసం బడి పెడతామని వస్తే నేను అడగాలనుకున్నవి మూడే. మా పేరు మీద వచ్చిన డబ్బు లెక్క ఎవరి దగ్గర ఉంది? కమిటీలో మావాళ్లు ఎంతమంది? మా భూమి మీదకి ఎవరైనా వస్తే ఆ రోజు మీరు ఎక్కడ నిలబడతారు? మూడోదానికి ఉస్టర్ జైల్లోంచి జవాబిచ్చాడు, కానీ ఆయన బోర్డు మధ్యలో ఆగిపోయింది. సెకోయా లిపి మాత్రం ఇప్పటికీ చెరోకీల దగ్గరే ఉంది, ఎందుకంటే అది మొదటినుంచీ వాళ్లదే.

ఆకమ్ చివరికి ఏం చేశాడంటే, అల్లుడు జోసెఫ్ జాన్సన్ లాంటి యువకులతో కలిసి వేరు వేరు తెగల క్రైస్తవ ఆదివాసుల్ని కూడగట్టాడు. ఒనైడా తెగవాళ్లు ఇచ్చిన నేల మీద 1785లో బ్రదర్‌టౌన్ అనే సొంత ఊరు నిలబెట్టుకున్నారు. పెత్తనం తెల్లవాళ్లది కాదు, ఊరు వాళ్లే నడుపుకున్నారు. 1792లో చనిపోయాడు. 2022లో డార్ట్‌మత్ కాలేజీ ఆయన కాగితాలు మొహీగన్ తెగకి తిరిగి ఇచ్చేసింది. ఇంటికి చేరడానికి అంత కాలం పట్టింది.

మా హాస్టల్‌కి ఆ సంస్థ వాళ్లు ఈ నెలాఖరున మళ్లీ వస్తున్నారు. స్టేజి మీద థాంక్స్ చెప్పడానికి నా పేరు రాశారు. థాంక్స్ చెప్తాను. చెప్పి, పోయినసారి అన్న గది ఎక్కడిదాకా వచ్చింది సార్ అని అడుగుతాను. ఇప్పుడే కాళ్లు వణుకుతున్నాయి, ఆ రోజు గొంతు వస్తుందో రాదో తెలీదు. వార్డెన్ మేడం ఏమంటారో అదీ తెలీదు. జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తాను.

బ్లాక్ చేసుకున్న అన్నలిద్దరూ ఆ లోపు అన్‌బ్లాక్ చేసుకోండి. మీరిద్దరూ వెనక వరసలో కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది.

జై ఆదివాసీ.

మీ చెల్లి, డిగ్రీ రెండో ఏడాది, హాస్టల్ నుంచి